గోషా పిన్ని తల ఊపిన మధ్యాహ్నం

పోయిన అక్టోబరు ఆఖర్న, సమాధుల పండుగకి రెండు రోజుల ముందు, గోషా పిన్ని ఖరగ్‌పూర్ వచ్చింది. పోలండ్ నుంచి ఒక్కతే బయలుదేరి కలకత్తాలో విమానం దిగింది. కారు పంపిస్తానంటే వద్దని హౌరాలో లోకల్ ఎక్కింది. డెబ్బై దాటిన మనిషి, చేతిలో ఒక పెట్టె, భుజాన ఒక సంచితో మా గుమ్మం ముందు నిలబడింది. నేను చేతులు చాపితే తను చాపలేదు. గడప దాటి లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, అప్పుడు నన్ను దగ్గరికి తీసుకుంది. గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడి పలకరించుకోకూడదని వాళ్ల దేశంలో పట్టింపు. "ఏటే సుగుణా, ఇలగ సిక్కిపోనావు" అంది. ఆ మాటకి నేను ఒక్క క్షణం తికమకపడ్డాను. మా ఇంట్లో ఇప్పుడు అలా మాట్లాడేవాళ్లు లేరు. నా పిల్లలు హిందీలో పోట్లాడుకుంటారు, ఇంగ్లీషులో రాజీపడతారు. నాది రాసీ రాసీ పుస్తకాల తెలుగైపోయింది. మా మామ్మ మాట్లాడిన తెలుగు ఎక్కడ మిగిలిందయ్యా అంటే, పోలండ్‌లో ఏదో పల్లెలో, ఈ తెల్లజుట్టు మనిషి నోట్లో. సంచిలో గాజు చిమ్నీలతో ఉన్న సమాధి దీపాలు తెచ్చింది. ఒక్కోటీ బల్ల మీద పెడుతూ, తల ఎత్తకుండానే, "మాలతక్క ఉందా?" అని అడిగింది. ఉంది, ప్రేమ్ బజార్లో పాత ఇంట్లోనే ఉంది, చూపు బాగా తగ్గింది అన్నాను. దానితో నేను చాలా ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్న ఒక మధ్యాహ్నం మళ్లీ నా ముందుకొచ్చి కూర్చుంది.

పిన్ని మొదటిసారి వచ్చేనాటికి నాకు పదేళ్లుంటాయి. ఖరగ్‌పూర్‌లోనే ట్రాఫిక్ అనే పేటలో రెండు గదుల రైల్వే క్వార్టరు మాది. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నాన్న తమ్ముడు జయరాజు బాబాయి లోహాల చదువు చదవడానికి పోలండ్ వెళ్లి, నాలుగేళ్ల తరవాత అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని, ఆమెతోనే తిరిగొచ్చి ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో చేరాడు. పెళ్లి సంగతి ఉత్తరంలో తెలిసినప్పుడు ఇంట్లో గొడవేమీ కాలేదు. పైగా మామ్మ చర్చిలో గర్వంగా చెప్పుకుంది. ఆమె చిన్నతనంలో సముద్రపు ఒడ్డున తమ ఊళ్లో మిషను బడి నడిపిన దొరసానులు ఆమె మనసులో ఉండిపోయారు. పొడుగు గౌనులు, ఇంగ్లీషు, మడత నలగని రుమాళ్లు. అలాంటి దొరసాని తన ఇంటికి కోడలుగా వస్తోందనుకుంది. తీరా రిక్షా దిగిన మనిషికి చేతులు మోటుగా ఉన్నాయి, ఇంగ్లీషు మా అమ్మకి వచ్చినంత కూడా రాదు. వాళ్ల నాన్న రైతు, తను ఆవుల పాలు పితికి పెరిగింది. మామ్మ పొద్దుట నుంచి కూడబలుక్కున్న గుడ్ మార్నింగ్‌కి బదులుగా పోలిష్‌లో ఏదో అని వంగి ఆమె చెయ్యి ముద్దు పెట్టుకుంది. తెల్లవాళ్లలో ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఉంటారని మాకెవరికీ అంతవరకు తెలియదు.

పేరు దగ్గర ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఉన్న పేరు మాకు నోరు తిరగలేదు. ఇంట్లో గోషా అని పిలుస్తారని బాబాయి చెప్పాడు. "గోషా ఏట్రా, పరదా కట్టుకుని కూకుంటాదా?" అంది మామ్మ. చర్చిలో చెప్పుకోవడానికి మార్గరెట్టమ్మ అని మార్చింది గానీ ఆ పేరుకి పిన్ని పలికేది కాదు. చర్చి అంటే గుర్తొచ్చింది. పిన్ని మా చర్చికి వచ్చి లోపల అడుగుపెడుతూనే నుదుటి నుంచి గుండెకి శిలువ గుర్తు వేసుకుంది. ఆ వరుసలోవాళ్లంతా తిరిగి చూశారు. "ఆర్సీయం అని ముందే సెప్పొచ్చు కదరా" అని మామ్మ బాబాయి మీద దారి పొడుగునా సణిగింది. రోమన్ కేథలిక్కులని మావైపు అలా అంటారు. క్రైస్తవురాలే, మరి మాలాంటిది కాదు. తెల్లమనిషే, మరి దొరసాని కాదు. ఏ గూట్లో పెట్టాలో తెలియక మామ్మ కొన్నాళ్లు ఆమెను ఊరికే చూస్తూ ఉండేది.

మా అమ్మ తికమక వేరు. కంచంలో ఏది వడ్డించినా పిన్ని థాంక్యూ అనేది. అన్నానికి ఒకసారి, పులుసుకి ఒకసారి, మంచినీళ్లకి ఒకసారి. మూడో రోజుకి అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. బయటిమనిషికి చెప్పినట్టు చెబుతోంది, నన్ను ఇంటిమనిషి అనుకోవడం లేదు అని. మాలో ఎవరూ ఆ మాట అనకపోవడం చూసి, తను చేసిన వంట ఎవరికీ నచ్చడం లేదని పిన్ని బాబాయి దగ్గర ఏడ్చిందట. టీలో పాలు వద్దంటే పాలు అయిపోయాయని మొహమాటపడుతోందనుకుని అమ్మ పక్కింటికి పరిగెత్తేది. ఇక మా తల ఊపడం పిన్నిని పిచ్చిదాన్ని చేసింది. కిందకీ పైకీ కాదు, అడ్డంగానూ కాదు, భుజం వైపుకి ఒక వాలు. అది అవునా కాదా అని నన్ను అడిగింది. ఆలోచించి, రెండూ కాదు, విన్నాను అని అర్థం అన్నాను. ఆ ఏడాది వానాకాలమంతా అద్దం ముందు నిలబడి ఆ ఊపు నేర్చుకుంది. మాకన్నా ఎక్కువగా ఊపేది.

మామ్మకీ ఆమెకీ పొత్తు కుదిరింది పులుపు దగ్గర. మా వంటింటి మూల బొగ్గుల కుంపటి పక్కన మామ్మ తరవాణి కుండ ఉండేది. గంజీ అన్నమూ రోజుల తరబడి పులిసి, మూత తీస్తే ఇల్లంతా ఆ వాసనే. బాబాయి సిగ్గుపడి దాన్ని పెరట్లో పెట్టమన్నాడు. పిన్ని మూత తీసి, కళ్లు మూసుకుని వాసన పీల్చి, గరిటెడు తాగింది. తరవాత గోల్‌బజార్ నుంచి బీట్‌రూట్లు తెచ్చి, తరిగి, వెల్లుల్లీ ఉప్పూ వేసి సీసాలో నీళ్లు పోసి ఆ కుండ పక్కనే పెట్టింది. వాళ్లూ అలాగే పులియబెట్టి చారు కాస్తారట. నాలుగో రోజు మామ్మ ఆ ఎర్రనీళ్లు నాలిక మీద వేసుకుని, మొదటిసారి ఆమెను 'పిల్లా' అని పిలిచింది. ఆ రోజు నుంచి పిన్నికి తెలుగు నేర్పింది మామ్మే. అందుకే ఆమెకి 'ఏమిటి' రాదు, 'ఏటి' వచ్చు. కిరసనాయిలు వరుసలో కూడా పిన్నినే పంపేవాళ్లం. వాళ్ల దేశంలో అప్పుడు మాంసానికీ సబ్బుకీ కూడా వరుసలే అట. ఎవరు ఆఖరు అని అడిగి ఆ మనిషిని గుర్తుపెట్టుకుని, ఈలోగా వేరే పని చూసుకొచ్చి సరిగ్గా తన చోట నిలబడేది.

అలా ఏడాది తిరగబోతుండగా క్రిస్మస్ వచ్చింది. పిన్ని ఆ సాయంత్రం భోజనం తను పెడతానంది. వాళ్లకి పండుగ కన్నా ముందురోజు సాయంత్రమే పెద్దదట, మాంసం ముట్టరట, చేప ఉండాలట. రెండు రోజుల ముందే గోల్‌బజార్ నుంచి బతికున్న శీలావతి చేపని తెచ్చి బట్టలుతికే తొట్టిలో వదిలింది. అది తమ దేశపు చేపకి తమ్ముడంది. నేనూ మా తమ్ముడూ దానికి మరమరాలు వేసి మాలిమి చేసుకున్నాం. దాన్ని చంపిన పూట ఇద్దరం తినమని మొండికేశాం. వాళ్లమ్మ పోలండ్ నుంచి కవరులో ఒక పల్చటి తెల్లని రేకు పంపింది, పిండితో చేసింది, కాగితమంత మందం, మీద బాలయేసు బొమ్మ అచ్చు. అది చూసి మామ్మ బెదిరింది. "పాస్టరు లేకండా ఇంట్లో బల్ల ఇస్తారేటి?" అంది. అది చర్చిలో పాస్టరు పంచే ప్రభువు బల్ల కాదని, ఒకరి ముక్క ఒకరు విరుచుకుని తింటూ తప్పులు మన్నించుకుని మంచి కోరుకోవడానికని బాబాయి చాలాసేపు చెప్పాడు. మొదటి చుక్క కనపడేదాకా తినకూడదని మమ్మల్ని వరండాలో నిలబెట్టింది పిన్ని. లోకోషెడ్డు పొగలో చుక్క ఎక్కడ కనపడుతుంది? చివరికి మా తమ్ముడు ఆకలికి తట్టుకోలేక కనపడిందని అబద్ధమాడాడు.

లోపల రెండు ట్రంకు పెట్టెలు కలిపి, యేసు పుట్టిన పశువుల పాక గుర్తుగా కాస్త గడ్డి పరిచి, పైన తెల్లదుప్పటి వేసి పళ్లేలు సర్దింది. మేము ఏడుగురం. మామ్మ, అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, మేమిద్దరం. పళ్లేలు ఎనిమిది. మామ్మ వేలితో లెక్కపెట్టి, "ఇదెవరికే?" అని అడిగింది. పిలవకుండా ఎవరైనా వస్తే వాళ్లని ఆ రాత్రికి ఇంటిమనిషిలా కూర్చోబెట్టాలని పోలండ్‌లో ఒక పళ్లెం ఎక్కువ వేస్తారు. అది చెప్పడానికి పిన్నికి ఉన్న తెలుగు చాలలేదు. నవ్వుతూ, "రానోడికి" అంది.

మామ్మ కూర్చున్నది కూర్చున్నట్టే లేచి వెనకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ నేను చెప్పలేదంది. బాబాయి తల దించుకున్నాడు. ఎర్రచారు చల్లారిపోయింది. ఎవరం ఏ తప్పూ మన్నించుకోలేదు. రెండు రోజులు మామ్మ అమ్మతో మాట్లాడలేదు, కోడళ్లిద్దరూ కలిసి తనని నలుగురిలో నిలదీశారనుకుంది. తను చేసిన తప్పేమిటో పిన్నికి ఒక్కరూ చెప్పలేదు. పెరటి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. మాకు దానియేలు పెదనాన్న అని ఒకాయన ఉన్నాడు, మామ్మ పెద్దకొడుకు. నేను పుట్టకముందే మాలతి అనే బెంగాలీ హిందువుల అమ్మాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాడు. తాతయ్య ఇంటికి రావద్దన్నాడు. తాతయ్య పోయినప్పుడు పెదనాన్న సమాధుల గోడ బయటే నిలబడి వెళ్లిపోయాడు, మామ్మ పిలవలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదు. రానోడంటే ఆయనేనని మామ్మ అనుకుంది.

"ఎక్కడున్నాడు ఇప్పుడు? తెల్దా?" అంది పిన్ని. తెలుసన్నాను. ప్రేమ్ బజార్లో ఉంటాడు, మాలతి గారు స్టూడెంట్లకి భోజనాలు పెడుతుంది, పెదనాన్నా నాన్నా ఒకే వర్క్‌షాపు, గేటు దగ్గర రోజూ ఎదురుపడతారు, మాట్లాడుకోరు. బాబాయి కాలేజీకి వెళ్లేటప్పుడు ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళతాడు. పిన్ని నాకు పిచ్చిగానీ పట్టిందా అన్నట్టు చూసింది. వాళ్ల మేనమామ ఒకాయన యుద్ధంలో ఎటుపోయాడో తెలియక వాళ్లమ్మమ్మ చచ్చిపోయేదాకా ఉత్తరాలు రాసిందట, ఏ ఊరికి రాయాలో తెలియకుండానే. "ఈడ తెలుసు. సైకిలు మీద పోవచ్చు. పోరు" అంది. నేను ఆమె నేర్చుకున్న తల ఊపే ఊపాను.

పండుగ మర్నాడు తమ దేశంలో చుట్టాల ఇళ్లకి వెళతారని చెప్పి, నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని పిన్ని ప్రేమ్ బజార్ వెళ్లింది. ఆ రాత్రి ఎవరూ విరవని తెల్లరేకుని కవరులో పెట్టి నా చేతికిచ్చింది. ఇరుకు సందు, బయట అరుగు నిండా కడిగిన కంచాలు. పెదనాన్నని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అచ్చం నాన్నే, జుట్టు మాత్రం నెరిసింది. లోపల నుంచి చేతులు కొంగుకి తుడుచుకుంటూ మాలతి గారు వచ్చింది. ఆమెను ఏమని పిలవాలో నాకెవరూ నేర్పలేదు. దీదీ అనాలో, పెద్దమ్మ అనాలో తెలియక కవరు చాపి నిలబడ్డాను. పిన్ని రేకుని తీసి ఒక కొస పెదనాన్న చేతిలో, ఒక కొస మాలతి గారి చేతిలో పెట్టి విరవమంది. పెదనాన్న ముక్క పట్టుకుని నోట్లో వేసుకోకుండా చాలాసేపు దాన్నే చూశాడు. తరవాత మెల్లగా అడిగాడు.

"అమ్మ పంపిందా?"

పిన్ని తల ఊపింది. అదే ఊపు, భుజం వైపుకి ఒక వాలు.

మామ్మ పంపలేదని నాకు తెలుసు. మేము బయలుదేరిన సంగతే మామ్మకి తెలియదు. నేను నోరు విప్పలేదు. పెదనాన్న ముక్క నోట్లో వేసుకుని గోడ వైపు తిరిగిపోయాడు. మాలతి గారు మాకు నారింజ తొనలూ మూడీ అనే మరమరాల్లో చక్కెర వేసీ పెట్టింది. అబద్ధం ఎవరిది, పిన్నిదా, నాదా, ఆ తల ఊపుదా అని తిరుగుదారిలో సైకిలు మీద ఆలోచించాను. ఆ ఆలోచన ఈ మధ్యదాకా నన్ను వదలలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మా క్వార్టరు ముందు రిక్షా ఆగింది. పెదనాన్న దిగాడు. మామ్మ బియ్యం ఏరుతూ ఉంది. ఆయన్ని చూసి చేట కింద పెట్టింది. నేను అక్కడే నిలబడ్డాను, ఇప్పుడు బయటపడుతుంది, నువ్వు పిలిచావు కదా అంటాడు, నేనెప్పుడు పిలిచానురా అంటుంది అని. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. "తిన్నావా?" అంది మామ్మ. లేదన్నాడు. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి తరవాణి అన్నం పెట్టి, తనే పచ్చిమిరపకాయ తుంచి వేసింది. కొడుకు దిగొచ్చాడని ఆమె అనుకుంది. తల్లి పిలిచిందని ఆయన అనుకున్నాడని నేననుకున్నాను. ఒకరి మొదటి అడుగుని ఇంకొకరి లెక్కలో వేసుకుని ఇద్దరూ హాయిగా ఉన్నారు.

అయితే రిక్షాలో ఇంకొకరు ఉన్నారు. మాలతి గారు దిగి వరండా మెట్టు దగ్గర ఆగిపోయింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. అమ్మ మామ్మ మొహం చూసింది. మామ్మ అన్నం మీంచి చూపు తిప్పలేదు. అప్పుడు పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి, అందరికీ వినపడేలా అంది. "నేను ఎంత దూరం నుంచి వచ్చినాను. ఇంగ్లీషు రాదు. ఆర్సీయం. నేను లోపల. ఆవిడ ఇక్కడే పుట్టింది. ఆవిడ బయట. ఎందుకు? నాకు సెప్పండి."

నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. గొంతులో కోపం లేదు. పిన్ని తన పాలులేని టీ గ్లాసు తీసుకుని వరండాలోకి వెళ్లి మాలతి గారి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా కలిసే భాష అప్పటికి సగమే, అందుకే ఊరికే కూర్చున్నారు. చాలాసేపటికి వంటింట్లోంచి మామ్మ గొంతు వినిపించింది. "ఆ పిల్లకి టీ ఇచ్చినావేటే?" అంది అమ్మతో. ఆ పూటకి అంతే. పెదనాన్న మాత్రం ఆదివారం ఆదివారం వచ్చాడు. మాలతి గారు మెట్టు నుంచి వరండాలోకి రావడానికి ఒక ఏడాది, వరండా నుంచి లోపలికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మామ్మ మంచాన పడ్డ చివరి నెలల్లో ఆమెకి అన్నం కలిపి పెట్టింది మాలతి గారే. అప్పటికి నేను ఆమెను పెద్దమ్మా అంటున్నాను. మామ్మ మాత్రం ఆఖరిదాకా పేరు పెట్టి పిలవలేదు, పిల్లా అనే అనేది. ఆ పిలుపు ఎంత విలువైనదో పిన్నికీ నాకూ తెలుసు.

ఆ తరవాత కొన్నేళ్లకి వాళ్లమ్మని చూసుకోవాలని పిన్ని వెళ్లింది, వెనకే బాబాయి. ఆయన అక్కడే పోయాడు. పెదనాన్న ఇక్కడ పోయాడు. మా క్వార్టరు కప్పు కూలింది, పొగ లేదు, బొగ్గు వాసన లేదు. నా కూతురు పంజాబీ అబ్బాయిని చేసుకుంటే ఎవరూ ఎనిమిదో పళ్లెం గురించి, మెట్టు గురించి ఆలోచించలేదు. పెళ్లి ఫోటోలు ఫోనులో చూసి అందరూ బొటనవేళ్లు చూపించారు. అది మెరుగే, కాదనను. కాకపోతే ఇప్పుడు ఎవరి మీదా అంత పట్టుదలగా అలగరు, ఎవరి కోసమూ అంత దూరం సైకిలు తొక్కరు. రెండింట్లో ఏది కావాలో నన్నడిగితే నాకు తేలదు.

సమాధుల పండుగ సాయంత్రం పిన్ని దీపాలు మామ్మకొకటి, నాన్నకొకటి, పెదనాన్నకొకటి పెట్టింది. అక్కడ అడిగాను, ఆ రోజు ఎందుకు అబద్ధంగా తల ఊపావు పిన్నీ అని. ఆమెకి మొదట గుర్తు రాలేదు. అంతా విడమరిచి చెప్పాక ఆశ్చర్యపోయింది. "అబద్ధం ఏటి? అమ్మ పంపిందా అన్నాడు. పంపింది కదా మా అమ్మ, పోలండ్ నుంచి, కవరులో" అంది. ఆమె అబద్ధమాడలేదు. మరి అబద్ధమనుకుని నోరు మూసుకున్న నేను ఇన్నేళ్లూ దేనికి కుమిలాను?

మర్నాడు ప్రేమ్ బజార్ వెళ్లాం. పెద్దమ్మ పిన్ని ముఖమంతా వేళ్లతో తడిమి చూసి, పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ఉండబట్టలేక చెప్పేశాను. పెదనాన్న అమ్మ పిలిచిందనుకుని వచ్చాడని, అది నిజం కాదని, నాకు ముందే తెలుసని. పెద్దమ్మ తొణకలేదు.

"జాని" అంది బెంగాలీలో, తెలుసని. తరవాత తెలుగులో అంది. "ఆయనకీ తెలుసు. రిక్షాలోనే అన్నాడు, మా అమ్మ పంపదు, దాని సంగతి నాకు తెల్దా అని."

"మరి ఎందుకొచ్చినారు పెద్దమ్మా?"

"నువ్వు పిలిసినావు కదా. సైకిలెక్కినాక ఎనక్కి తిరిగి, మా ఇంటికి రండి పెదనాన్నా అన్నావు. మా ఇంటి పిల్ల పిలిసింది, సాలు, అన్నాడు."

నేను పిన్ని వైపు చూశాను. తనకి గుర్తు లేదంది. నాకూ గుర్తు లేదు. ఆ సందు, ఆ కంచాలు, నారింజ తొనల పులుపు, అన్నీ గుర్తున్నాయి. ఆ ఒక్క మాట ఎంత వెతికినా దొరకడం లేదు.